అదిశ క్షేత్ర గురుత్వాకర్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

గురుత్వాకర్షణ అనగానే ఐన్‌స్టీన్, వంగిన స్థలకాలం గుర్తొస్తాయి. అయితే 1912 నుంచి 1915 దాకా ఆయనకి గట్టి పోటీ ఇచ్చిన ఇంకో ఆలోచన ఉంది. ప్రతి బిందువు దగ్గరా ఒకే ఒక్క అంకె చాలు, దానితోనే గురుత్వాకర్షణ మొత్తాన్ని చెప్పెయ్యొచ్చు అన్నది ఆ ఆలోచన. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. నాకు అది చాలా వెలితిగా అనిపిస్తుంది. సాధారణ సాపేక్షత (ఐన్‌స్టీన్ 1915 నాటి గురుత్వ సిద్ధాంతం) అంత క్లిష్టంగా ఎందుకు ఉండాల్సి వచ్చిందో తెలియాలంటే, ఈ సులువైన సిద్ధాంతం ఎక్కడ ఆగిపోయిందో ముందు చూడాలి.

అదిశ క్షేత్రం అంటే ఏమిటి?

గదిలో ఉష్ణోగ్రతని తీసుకోండి. ఏ మూల థర్మామీటర్ పెట్టినా ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెకి దిక్కు ఉండదు. ఇలా ప్రతి చోటా ఒక్క అంకెతో సరిపోయేదే అదిశ క్షేత్రం. స్కేలార్ ఫీల్డ్ అని కూడా అంటారు. గాలి సంగతి చెప్పాలంటే ఎంత వేగం, ఎటు వైపు అని రెండూ చెప్పాలి కాబట్టి అది సదిశ క్షేత్రం. టెన్సర్ క్షేత్రం ఇంకా పెద్దది: ఒక దిక్కున సాగదీత, మరో దిక్కున నొక్కుడు, వాటి మధ్య మెలి, అన్నీ కలిపి చెబుతుంది. సాధారణ సాపేక్షతకి ప్రతి బిందువు దగ్గరా పది అంకెలు కావాలి. అదిశ సిద్ధాంతానికి ఒక్కటే.

ఒక షరతు మాత్రం ఉంది. చూసేవాళ్లు ఎంత వేగంగా కదులుతున్నా ఆ అంకె మారకూడదు. ప్రత్యేక సాపేక్షతకి లోబడిన అదిశ క్షేత్రం అంటే అర్థం ఇదే.

న్యూటన్ సిద్ధాంతం కూడా ఇలాంటిదేనా?

అవును. న్యూటన్ గురుత్వ పొటెన్షియల్ ప్రతి చోటా ఒక అంకె. అది ఎటు వాలితే వస్తువులు అటు పడతాయి. చిక్కల్లా ఏమిటంటే ఆ సమీకరణంలో కాలమే లేదు. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాలకి పైగా పడుతుంది. కానీ సూర్యుడు ఉన్నట్టుండి పక్కకి జరిగితే, న్యూటన్ లెక్క ప్రకారం భూమికి ఆ సంగతి అదే క్షణంలో తెలిసిపోవాలి. కాంతి కంటే వేగంగా ఏ సంగతీ చేరలేదని చెప్పే ప్రత్యేక సాపేక్షత 1905లో వచ్చాక ఇది కుదరదని తేలిపోయింది.

దీనికి అందరికీ ముందుగా తట్టే మందు, పొటెన్షియల్ సమీకరణానికి కాలాన్ని చేర్చి తరంగ సమీకరణంగా మార్చడం. అప్పుడు గురుత్వాకర్షణ కూడా కాంతి వేగంతోనే వ్యాపిస్తుంది. అదిశ సిద్ధాంతాలన్నీ ఇక్కడి నుంచే మొదలయ్యాయి.

విద్యుదయస్కాంతత్వం లాగా సదిశ క్షేత్రంతో ఎందుకు చెయ్యలేదు?

సదిశ క్షేత్రంలో ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గురుత్వాకర్షణలో ద్రవ్యరాశులన్నీ ఒకే రకం, అయినా అన్నీ దగ్గరకి లాక్కుంటాయి. గుర్తు బలవంతంగా తిప్పేస్తే తరంగాలు రుణ శక్తిని మోసుకుపోవాల్సి వస్తుంది. అప్పుడు తరంగాలని వెదజల్లే వస్తువుకి శక్తి తగ్గే బదులు పెరుగుతుంది. అదిశ, టెన్సర్ క్షేత్రాలకి ఈ బాధ లేదు, రెండిట్లోనూ ఒకే రకం ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. అందుకే అసలు పోటీ ఆ రెండిటి మధ్యే నడిచింది.

ఈ సిద్ధాంతాన్ని ఎవరు కట్టారు?

మొదట ప్రయత్నించిన వాళ్లలో ఐన్‌స్టీన్ కూడా ఉన్నారు. 1911, 1912లలో ఆయన కాంతి వేగమే చోటుని బట్టి మారుతుందనీ, అదే గురుత్వ పొటెన్షియల్ అనీ లెక్కలు వేశారు. అదే రోజుల్లో మాక్స్ అబ్రహామ్ ఇంకో రూపం ప్రతిపాదించారు, ఇద్దరి మధ్య పత్రికల్లో గట్టి వాదనే నడిచింది.

అన్నిటికంటే శుభ్రమైన సిద్ధాంతం ఫిన్లాండ్‌కి చెందిన గున్నర్ నార్డ్‌స్ట్రోమ్‌ది. 1912లో మొదటి రూపం, 1913లో దిద్దిన రెండో రూపం. కాంతి వేగం ఎక్కడా మారదు, ప్రత్యేక సాపేక్షత చెక్కుచెదరదు. 1913 సెప్టెంబరులో వియన్నాలో ఇచ్చిన ప్రసంగంలో, తన సిద్ధాంతానికి పోటీగా ఐన్‌స్టీన్ గట్టిగా పరిగణించింది నార్డ్‌స్ట్రోమ్ సిద్ధాంతాన్నే. 1914లో నార్డ్‌స్ట్రోమ్ ఇంకో అడుగు వేసి, ఐదో పరిమాణం చేరిస్తే గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంతత్వం ఒకే సూత్రంలో ఇమిడిపోతాయని చూపించారు. ఐదో పరిమాణం అనగానే అందరూ తలుచుకునే కలూజా పత్రం 1921లో గానీ రాలేదు. నార్డ్‌స్ట్రోమ్ 1923లో, 42 ఏళ్లకే చనిపోయారు.

అదిశ సిద్ధాంతంలో వేగంగా పోయే వస్తువు నెమ్మదిగా పడుతుందని విన్నాను. నిజమేనా?

నిజమే. ఈ ప్రశ్నని ఎంతసేపు నమిలినా తక్కువే.

బడిలో అందరం నేర్చుకున్న ప్రయోగం ఒకటుంది. బల్ల అంచు నుంచి ఒక గోలీని వదలండి, అదే క్షణంలో ఇంకో గోలీని అడ్డంగా విసరండి. రెండూ ఒకేసారి నేలని తాకుతాయి. అడ్డంగా ఎంత వేగం ఉన్నా కిందికి పడే తీరు మారదు.

సులువైన అదిశ సిద్ధాంతంలో ఇది పూర్తిగా నిజం కాదు. అడ్డ వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చెయ్యండి. వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేసి, మామూలు త్వరణంతో గుణించండి. ఆ గోలీ కిందికి పడే త్వరణం అదే. సెకనుకి ఒక కిలోమీటరు వేగంతో పోయే తూటాకి ఈ తేడా లక్ష కోట్లలో 11 వంతులు. చేత్తో చేసే ప్రయోగంలో ఎవరికీ దొరకదు.

కానీ ఐన్‌స్టీన్‌ని ఇది కలవరపెట్టింది. తిరుగుతున్న బొంగరం, తిరగని బొంగరం వేర్వేరుగా పడాలా? వేడి వస్తువులో అణువులు వేగంగా కదులుతాయి, మరి అది చల్లటి వస్తువుకంటే నెమ్మదిగా పడాలా? అన్ని వస్తువులూ ఒకేలా పడతాయన్న గెలీలియో మాటని ఆయన ప్రకృతిలోకెల్లా లోతైన సూచనగా చూశారు. ఆ మాటతో పొసగకపోవడం వల్లే అదిశ దారిని వదిలేశానని 1933లో గ్లాస్గోలో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయనే చెప్పారు.

ఇప్పుడు అదే సూత్రంలో అడ్డ వేగం బదులు కాంతి వేగాన్నే పెట్టి చూడండి. ఒకటిలోంచి ఒకటి పోతే సున్నా. అంటే కాంతి అసలు పడదు! ఈ సున్నాని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

కాంతి పడకపోతే, కాంతిని నింపిన పెట్టెకి ఆ మేరకి బరువు ఉండదా?

ఉంటుంది. నాకు ఈ సిద్ధాంతంలో అన్నిటికంటే ముచ్చటైన చోటు ఇదే.

అదిశ గురుత్వాకర్షణకి మూలం శక్తి ఒక్కటే కాదు. శక్తి సాంద్రతలోంచి మూడు దిక్కుల పీడనాన్నీ తీసేయగా మిగిలేదే మూలం, దాన్ని ట్రేస్ అంటారు. కాంతికి ఒక్కో దిక్కు పీడనం సరిగ్గా శక్తి సాంద్రతలో మూడో వంతు. మూడు దిక్కులవీ కలిపి తీసేస్తే మిగిలేది సున్నా. కాబట్టి ఒంటరి కాంతికి బరువు లేదు.

ఇప్పుడు లోపలంతా అద్దాలున్న ఒక పెట్టెలో కాంతిని బంధించి త్రాసులో పెడదాం. కాంతి గోడలకి కొట్టుకుంటూ వాటిని బయటికి తోస్తుంది. పెట్టె పగిలిపోకుండా ఉండాలంటే గోడలు బిగుసుకుని పట్టుకోవాలి. ఆ బిగువు రుణ పీడనం. ట్రేస్‌లో పీడనాన్ని తీసేస్తున్నాం కాబట్టి, రుణాన్ని తీసేస్తే ధనం అవుతుంది. గోడల బిగువు వల్ల అదనంగా చేరే బరువు లెక్కకడితే, సరిగ్గా లోపలి కాంతి శక్తికి రావాల్సిన బరువే. మాక్స్ లావే 1911లో చూపించిన ఒక సూత్రం ఇక్కడ పనికొచ్చింది. వేడి వాయువు నింపిన సిలిండర్‌కీ ఇదే తర్కం వర్తిస్తుంది. పై ప్రశ్నలో ఐన్‌స్టీన్‌ని వేధించిన భయాల్లో పెద్ద భాగం దీంతో తీరిపోయింది.

అయినా ఆయన వదల్లేదు. గోడల బిగువు చోటుని బట్టి పనిచేస్తే, పెట్టెని కిందికి దించి పైకి లాగే క్రమంలో శక్తిని ఊరికే పుట్టించొచ్చేమో అని అడిగారు. దానికి నార్డ్‌స్ట్రోమ్ ఇచ్చిన జవాబు, పొటెన్షియల్ మారితే కొలబద్దల పొడవు, గడియారాల నడక కూడా మారతాయని. ఆ జవాబుతో సిద్ధాంతం నిలబడింది. అయితే కొలబద్దలూ గడియారాలూ చోటుని బట్టి మారుతున్నాయంటే, మనం చదును స్థలకాలాన్ని దాటి బయటికి వచ్చేసినట్టే.

అంటే ఇది కూడా వంగిన స్థలకాలపు సిద్ధాంతమేనా?

అవును, 1914లో ఐన్‌స్టీన్, డచ్ భౌతికవేత్త అడ్రియాన్ ఫోకర్ కలిసి సరిగ్గా అదే చూపించారు. నార్డ్‌స్ట్రోమ్ సిద్ధాంతాన్ని ఒకే ఒక్క జ్యామితి సమీకరణంగా రాసెయ్యొచ్చు: వక్రతకి సంబంధించిన ఒక అంకె, పదార్థపు ట్రేస్‌కి అనుపాతంలో ఉంటుంది. వంపుకీ పదార్థానికీ లంకె వేసే సమీకరణం సాధారణ సాపేక్షత కంటే ఏడాది ముందే, అదీ అదిశ సిద్ధాంతం కోసం పుట్టిందన్న మాట.

ఆ వంపు ఎలాంటిదో తెలియాలంటే గోడకి వేలాడే మెర్కేటర్ ప్రపంచ పటం చూడండి. అందులో గ్రీన్‌లాండ్ ఉన్నదానికంటే ఎంతో పెద్దగా కనిపిస్తుంది, ఎందుకంటే చోటుని బట్టి స్కేలు మారుతుంది. కానీ ఏ రెండు గీతలు కలిసినా వాటి మధ్య కోణం మాత్రం చెడదు. నార్డ్‌స్ట్రోమ్ స్థలకాలం ఇలాంటిదే: చదునైనదాన్ని ప్రతి చోటా ఒక్కో స్కేలుతో సాగదీసింది. స్కేలు మారుతుంది, ఆకారం చెడదు.

అయితే కాంతి సూర్యుడి దగ్గర వంగదా?

వంగదు. కాంతికి పొడవులతో పని లేదు, ఆకారాలతోనే పని. స్కేలు ఎంత మారినా దాని దారి తిన్నగానే ఉంటుంది. పైన దొరికిన సున్నా, ఈ తిన్నని దారి ఒకే విషయానికి రెండు ముఖాలు.

ఆ రోజుల్లో ఈ ప్రశ్నకి మూడు జవాబులు ఉండేవి. సూర్యుడి అంచుని రాసుకుంటూ వచ్చే నక్షత్ర కాంతి నార్డ్‌స్ట్రోమ్ ప్రకారం సున్నా వంగాలి, 1911 నాటి ఐన్‌స్టీన్ లెక్కలో సుమారు 0.87 ఆర్క్ సెకన్లు, 1915 నాటి పూర్తి సిద్ధాంతంలో 1.75. ఆర్క్ సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు. 1914 ఆగస్టు గ్రహణంలో కొలవాలని ఎర్విన్ ఫ్రాయిండ్లిష్ బృందం క్రిమియా వెళ్లింది, ఇంతలో యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. ఆ కొలత జరిగి ఉంటే అప్పటికి ఐన్‌స్టీన్ చేతిలో ఉన్నది సగం విలువే కాబట్టి ఆయన కూడా తప్పినట్టే తేలేది.

1919 మే 29 సంపూర్ణ సూర్యగ్రహణంలో బ్రెజిల్‌లోని సొబ్రాల్ నుంచి 1.98, ఆఫ్రికా తీరంలోని ప్రిన్సిపే దీవి నుంచి 1.61 వచ్చాయి. కొలతల్లో పొరపాటుకి ఎంత చోటు వదిలినా సున్నా అనడానికి వీల్లేదు.

బుధగ్రహం సంగతేమిటి?

బుధుడి కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరి బిందువు మెల్లగా ముందుకి జరుగుతూ ఉంటుంది. ఇతర గ్రహాల లాగుడంతా లెక్కేశాక కూడా శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు మిగులుతుంది. సాధారణ సాపేక్షత ఇచ్చేది సరిగ్గా అదే. నార్డ్‌స్ట్రోమ్ సిద్ధాంతం దానిలో ఆరో వంతు, అదీ వెనక్కి, అంటే సుమారు మైనస్ 7 ఇస్తుంది. పరిమాణమూ తప్పే, దిశా తప్పే. అయితే 1913 నాటికి ఇది తీర్పు కాలేదు, ఎందుకంటే అప్పటి ఐన్‌స్టీన్ అసంపూర్ణ సిద్ధాంతం కూడా 18 మాత్రమే ఇచ్చింది.

గురుత్వాకర్షణ వల్ల కాంతి రంగు ఎరుపు వైపు జరగడం?

దాన్ని రెండు సిద్ధాంతాలూ ఒకేలా చెబుతాయి. 1960లో పౌండ్, రెబ్కా హార్వర్డ్‌లో 22.5 మీటర్ల ఎత్తులో దీన్ని కొలిచారు. గొప్ప ప్రయోగం, కానీ ఈ ఇద్దరి మధ్య తేల్చదు. సాధారణ సాపేక్షతకి రుజువుగా దీన్ని చూపించేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

గామా అని తరచూ వింటుంటాం. అదేమిటి?

రకరకాల గురుత్వ సిద్ధాంతాలని ఒకే కొలబద్ద మీద పెట్టడానికి వాడే అంకెల్లో ముఖ్యమైనది. ద్రవ్యరాశి చుట్టూ స్థలం ఎంత వంగుతుందో అది చెబుతుంది. సాధారణ సాపేక్షతలో గామా 1. నార్డ్‌స్ట్రోమ్‌లో మైనస్ 1. కాంతి వంపు 'ఒకటి ప్లస్ గామా'కి అనుపాతంలో ఉంటుంది: ఒకచోట రెండు, ఇంకోచోట సున్నా. గోలీ సూత్రంలో అడ్డ వేగపు వర్గం ముందు వచ్చే గుణకం కూడా ఈ గామాయే. నార్డ్‌స్ట్రోమ్‌లో వేగం పెరిగితే పడడం తగ్గుతుంది, సాధారణ సాపేక్షతలో పెరుగుతుంది. చాలామందికి ఈ రెండోది కొత్తగా ఉంటుంది. కాంతి న్యూటన్ లెక్కకి రెట్టింపు వంగడానికి కారణం అదే.

కాంతి వంగేలా ఒక అదిశ సిద్ధాంతాన్ని తయారుచేసుకోవచ్చు కదా?

చేసుకోవచ్చు, చేశారు కూడా. కాలానికి ఒక స్కేలు, స్థలానికి దానికి విలోమమైన స్కేలు పెడితే గామా 1 అయిపోతుంది, బుధుడి 43 కూడా వచ్చేలా చూసుకోవచ్చు. కానీ కాలం ఏది, స్థలం ఏది అని విడదియ్యాలంటే విశ్వంలో ఏదో ఒక ప్రత్యేకమైన నిశ్చల స్థితిని ముందే ఒప్పుకోవాలి. అదిశ క్షేత్రం ఒక్కటే ఆ విభజన చెయ్యలేదు. అలా ఒప్పుకుంటే, ఆ స్థితికి సంబంధించి మనం కదులుతున్న జాడ ఎక్కడో ఒకచోట బయటపడాలి. విశ్వ నేపథ్య వికిరణంతో (విశ్వం తొలి రోజుల నుంచి మిగిలి అంతటా నిండి ఉన్న వెలుగుతో) పోలిస్తే సౌర కుటుంబం సెకనుకి సుమారు 370 కిలోమీటర్ల వేగంతో పోతోంది. 1970ల మొదట్లో క్లిఫర్డ్ విల్, కెన్నెత్ నార్ట్‌వెట్ ఈ చలనం వల్ల భూమి గట్టి పొరల్లో అసాధారణమైన ఆటుపోట్లు రావాలని లెక్కగట్టారు. సున్నితమైన గ్రావిమీటర్లతో (గురుత్వ బలాన్ని కొలిచే పరికరాలతో) వెతికితే అవి కనబడలేదు. ఈ రకం సిద్ధాంతాలు చాలావరకు అక్కడితో ఆగిపోయాయి.

అదిశ క్షేత్రం ఒంటరిగా పనికిరాదని తేలాక, మళ్లీ ఎందుకు తిరిగొచ్చింది?

ఒంటరిగా కాదు, తోడుగా వచ్చింది. పాస్కువల్ జోర్డాన్ ప్రయత్నాల తర్వాత, 1961లో ప్రిన్స్‌టన్‌కి చెందిన కార్ల్ బ్రాన్స్, రాబర్ట్ డిక్ ఒక సిద్ధాంతం ప్రచురించారు. స్థలకాలపు వంపు ఉంటుంది, దానికి తోడు ఒక అదిశ క్షేత్రం ఉంటుంది, గురుత్వ స్థిరాంకం ఎంతో ఆ క్షేత్రమే నిర్ణయిస్తుంది. విశ్వంలో ఉన్న పదార్థం అంతా కలిసి ఇక్కడి గురుత్వ బలాన్ని తేల్చాలన్న, భౌతికవేత్త ఎర్నెస్ట్ మాక్ నుంచి వచ్చిన ఆలోచన దీని వెనక ఉంది. ఒమేగా అనే ఒక అంకె ఆ తోడు ఎంత బలహీనమో చెబుతుంది: ఒమేగా పెరిగేకొద్దీ సిద్ధాంతం ఐన్‌స్టీన్‌కి దగ్గరవుతుంది.

1967లో డిక్, గోల్డెన్‌బర్గ్ సూర్యుడు కాస్త ఎక్కువే చదునుగా ఉన్నాడని కొలిచారు. అది నిజమైతే బుధుడి 43లో మూడు నాలుగు ఆర్క్ సెకన్లు సూర్యుడి ఆకారానికే పోతాయి, ఐన్‌స్టీన్ లెక్క తప్పుతుంది, ఒమేగా 5 చుట్టుపక్కల ఉన్న బ్రాన్స్–డిక్ సిద్ధాంతం ఇచ్చే 39 సరిపోతుంది. కొన్నేళ్లపాటు నిజంగా టెన్షన్ పెట్టిన విషయం ఇది. తర్వాతి కొలతల్లో సూర్యుడు అంత చదునుగా లేడని తేలింది. డిక్ చెప్పింది నిలబడలేదు, కానీ ఆయన అడిగిన ప్రశ్న వల్లే సౌర కుటుంబంలో గురుత్వ పరీక్షలు అంత పదునెక్కాయని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు ఒమేగా ఎంత ఉండాలి?

కనీసం 40,000. ఎలా తెలిసిందంటే, సూర్యుడి పక్కగా పోయే రేడియో సంకేతం కాస్త ఆలస్యంగా చేరుతుంది. 1964లో ఇర్విన్ షపీరో సూచించిన ఈ ఆలస్యం కూడా గామా మీదే ఆధారపడుతుంది. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ నౌకలతో చేసిన కొలతలు ఒమేగాని 500 దాకా నెట్టాయి. 2002లో శనిగ్రహం వైపు వెళ్తున్న కసీని నౌక సూర్యుడి వెనక వైపుకి వచ్చినప్పుడు చేసిన ప్రయోగం, గామా ఒకటి నుంచి లక్షలో రెండు మూడు వంతులకి మించి తప్పుకోదని చూపించింది. ఆ ఫలితం 2003లో వచ్చింది. ఒమేగా 5 ఎక్కడ, 40,000 ఎక్కడ!

గురుత్వ తరంగాల్లో అదిశ క్షేత్రం జాడ ఎలా ఉంటుంది?

ఒక తరంగం సూటిగా మీ వైపు వస్తోంది, మీ ఎదుట వలయంగా పూసలు తేలుతున్నాయి అనుకోండి. టెన్సర్ తరంగం వస్తే వలయం నిలువుగా సాగి అడ్డంగా నొక్కుకుంటుంది, తర్వాత అడ్డంగా సాగి నిలువుగా నొక్కుకుంటుంది. అదిశ తరంగం వస్తే వలయం మొత్తం ఊపిరి తీసినట్టు పెద్దదై, వదిలినట్టు చిన్నదవుతుంది. అందుకే దాన్ని శ్వాస రీతి అంటారు. 2017 ఆగస్టు 14న గురుత్వ తరంగాలని పట్టే కేంద్రాలు, అమెరికాలోని రెండు లైగో, ఇటలీలోని వర్గో కలిపి మూడు చోట్ల ఒకే తరంగం దొరికాక ఈ తేడా చూడగలిగారు. పూర్తి అదిశ తరంగం కంటే పూర్తి టెన్సర్ తరంగమే ఎంతో బాగా సరిపోయింది.

పల్సర్లు (గిరగిరా తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే న్యూట్రాన్ తారలు, అంటే పేలిన నక్షత్రాల అతి దట్టమైన అవశేషాలు) ఇంకో దారి. అదిశ తోడు ఉంటే, రెండు వేర్వేరు రకాల నక్షత్రాల జంట ద్విధ్రువ తరంగాలని వెదజల్లి, సాధారణ సాపేక్షత చెప్పినదానికంటే త్వరగా దగ్గరవ్వాలి. 1974లో హల్స్, టేలర్ కనుక్కున్న జంట పల్సర్ కక్ష్య తగ్గుతున్న తీరు ఐన్‌స్టీన్ లెక్కతో శాతంలో ఐదో వంతు లోపే సరిపోతుంది. న్యూట్రాన్ తార, శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయిన మామూలు నక్షత్రం మిగిల్చే దట్టమైన గోళం) కలిసిన జంటలు ఇంకా కచ్చితమైన హద్దులు పెడుతున్నాయి.

అయితే ఇక అదిశ క్షేత్రాలకి చోటు లేనట్టేనా?

ఉంది, రెండు చోట్ల. ఒకటి, బాగా బలమైన గురుత్వం. సౌర కుటుంబంలో అస్సలు కనిపించని క్షేత్రం న్యూట్రాన్ తార లోపల ఒక్కసారిగా పెరిగిపోవచ్చని 1993లో తిబో దామూర్, జిల్ ఎస్పోజితో-ఫరేజ్ చూపించారు. అదృష్టవశాత్తూ దీన్ని పరీక్షించడానికి ప్రకృతే ఒక ఏర్పాటు చేసింది. ఒక పల్సర్, దాని చుట్టూ 1.6 రోజులకి తిరిగే శ్వేత కుబ్జం, ఆ ఇద్దరినీ 327 రోజులకి చుట్టే మరో శ్వేత కుబ్జం. బయటి తార వైపు లోపలి ఇద్దరూ ఒకేలా పడుతున్నారా? పది లక్షల్లో 2.6 వంతులకి మించి తేడా లేదని 2018లో తేలింది.

రెండోది, దాక్కునే క్షేత్రాలు. 2004లో జస్టిన్ ఖూరీ, అమాండా వెల్ట్‌మన్ ఊసరవెల్లి క్షేత్రం ప్రతిపాదించారు. చుట్టూ పదార్థం దట్టంగా ఉంటే దాని ప్రభావం అతి తక్కువ దూరంలోనే ఆగిపోతుంది, పలుచగా ఉన్న అంతరిక్షంలో దూరాలకి పాకుతుంది. భూమి మీద మన ప్రయోగాలన్నీ దట్టమైన చోటే కాబట్టి దొరకదు. అందుకే భౌతికవేత్తలు శూన్య గదిలో పరమాణువులని వదిలి, మధ్యలో చిన్న గోళం పెట్టి, పరమాణువులు దాని వైపు అదనంగా లాగబడుతున్నాయా అని చూశారు. 2015లో వచ్చిన ఆ ప్రయోగం ఊసరవెల్లికి దాక్కునే చోటు బాగా తగ్గించింది.

డార్క్ ఎనర్జీకి దీనితో ఏం సంబంధం?

1998లో విశ్వ వ్యాకోచం వేగం పుంజుకుంటోందని తేలాక, దానికి కారణం మెల్లగా మారే అదిశ క్షేత్రమేమో అని చాలామంది చూశారు. గురుత్వాన్ని మార్చే రకాలన్నిటినీ కలిపే చట్రం 1974లోనే గ్రెగరీ హార్న్‌డెస్కీ రాసిపెట్టారు. తర్వాత ఆయన చిత్రకారుడిగా మారారు, ఆ పని చాలా ఏళ్లకి గానీ వెలుగులోకి రాలేదు.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న గురుత్వ తరంగం వచ్చిన 1.7 సెకన్లకే గామా కిరణాలు వచ్చాయి. 13 కోట్ల సంవత్సరాల ప్రయాణం తర్వాత అంత దగ్గరగా చేరాయంటే రెండిటి వేగమూ ఒకటే. హార్న్‌డెస్కీ చట్రంలో గురుత్వ తరంగాల వేగాన్ని మార్చే రకాలన్నీ దాదాపు ఒక్కరోజులో కొట్టుకుపోయాయి.

హిగ్స్ బోసాన్ కూడా అదిశ కణమే. అది గురుత్వాకర్షణా?

కాదు. దాని ప్రభావ దూరం ప్రోటాన్ సైజులో కొన్ని వందల వంతు మాత్రమే. పైగా ప్రోటాన్ ద్రవ్యరాశిలో హిగ్స్ వల్ల వచ్చేది చాలా చిన్న భాగం, మిగతాదంతా క్వార్కులని బంధించే బలపు శక్తి. అయితే 2012లో హిగ్స్ దొరకడం వల్ల, ప్రాథమిక అదిశ క్షేత్రాలు ప్రకృతిలో ఉంటాయని మొదటిసారి రుజువైంది.

నేనొక అదిశ గురుత్వ సిద్ధాంతం రాశాను. ముందు ఏం పరీక్షించుకోవాలి?

ముందు గామా లెక్కపెట్టండి. ఒక్క పేజీ పని. ఒకటి రాకపోతే అక్కడే ఆగండి. ఒకటి వస్తే, ఏ నిశ్చల స్థితినైనా చాటుగా వాడారేమో చూసుకోండి. ఆ తర్వాత బుధుడి 43 వస్తోందా, జంట పల్సర్ల కక్ష్య సరైన వేగంతో తగ్గుతోందా, తరంగాలు కాంతి వేగంతో పోతున్నాయా అని వరసగా చూడండి. వేర్వేరు పదార్థాలు ఒకేలా పడాలన్నది కూడా మరవకండి. మైక్రోస్కోప్ అనే పేరున్న ఉపగ్రహం టైటానియం, ప్లాటినం మిశ్రమాలతో చేసిన పరీక్ష తుది ఫలితాలు 2022లో వచ్చాయి, వెయ్యి లక్షల కోట్లలో కొన్ని వంతుల దాకా ఏ తేడా కనబడలేదు.

ఇవన్నీ దాటితే మీ సమీకరణాల్లో ఎక్కడో ఒక టెన్సర్ ఉండే ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోండి, మీ అదిశ క్షేత్రం దానితో ఏ గుణకంతో ముడిపడిందో రాయండి. తర్వాత ఆ గుణకాన్ని కసీని హద్దు పక్కన పెట్టి చూడండి.